హార్స్‌పవర్‌కి ముందు చూడాల్సింది

నేలకొండపల్లికి దగ్గర్లోని పాలేరు జలాశయం నెమ్మదైన నీరు. భద్రాచలం దగ్గర గోదావరి సంగతి వేరు, 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఏ నీటిలోనైనా పాత ఫైబర్ బోటుకు మోటారు బిగించే మెకానిక్ పనితనం హార్స్‌పవర్ అంకెలో కాదు, బోటు వెనక పలక దగ్గర తెలుస్తుంది. ముందు ఆ పలక ఎత్తు కొలుస్తాడు: 15 అంగుళాలైతే పొట్టి షాఫ్టు, 20 అయితే పొడుగుది. ప్రొపెల్లర్ మీది అడ్డరేకు బోటు అడుగుకు దాదాపు సమంగా రావాలి. పైకి లేస్తే ప్రొపెల్లర్ గాలి లాక్కుని ఊరికే తిరుగుతుంది. మరీ దిగితే ఈడ్పు పెరిగి పెట్రోలు తాగేస్తుంది.

వరద ఉరవడిలో పెద్ద మోటారే దిక్కు కదా అంటారు. నిజమే, బలం చాలనిది ఏటికి ఎదురెళ్లలేదు. కానీ పాత బోట్లు చాలావరకు తేలికైన టూస్ట్రోక్ ఇంజిన్ల నాటివి. బరువైన ఫోర్‌స్ట్రోక్ తగిలిస్తే వెనక భాగం కుంగి, అక్కణ్నుంచే నీళ్లెక్కుతాయి. పలక లోపలి చెక్క చివికి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కంపెనీ పుస్తకం చాలదా అంటే, దానికి మీ బోటు వయసు తెలియదు. అందుకే నీటిలో నడిపి చూడాలి. నిండు బరువుతో, పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ తనకు నిర్దేశించిన చుట్ల వేగాన్ని అందుకోకపోతే పిచ్ (ఒక్కో చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగాల్సిన దూరం) తక్కువున్న ప్రొపెల్లర్ వేయాలి. పిచ్‌లో ఒక్క అంగుళం తేడాకే నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు మారతాయి. పాత బోటు కొనేవారు మోటారు కంటే ముందు మంచి మెకానిక్‌ను వెతుక్కోండి.