తోడుకు ఊపిరి

పాలను పెరుగుగా, జున్నుగా మార్చే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు గాలితో పనిలేదని సూక్ష్మజీవ శాస్త్రం చాలాకాలం భావించింది. అవి చక్కెరను విడగొట్టి పైరువేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ క్రమంలో వెలువడిన ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీహెచ్ అనే వాహక అణువు మోసుకొచ్చి మళ్లీ పైరువేట్‌కే అప్పగించగా లాక్టిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఆక్సిజన్ ప్రమేయం లేని ఈ ప్రక్రియే కిణ్వనం.

అయితే గాలి తగిలినప్పుడు ఈ జీవులు ఊరుకోవు. ఎన్‌ఏడీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైములు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించి, రకాన్నిబట్టి నీటినో హైడ్రోజన్ పెరాక్సైడ్‌నో పుట్టిస్తాయి. అప్పుడు పైరువేట్ అంతా ఆమ్లం కావలసిన అవసరం తప్పి, కొంతభాగం వెన్నకు కమ్మని వాసననిచ్చే డైఎసిటైల్‌గా మారే వీలు కలుగుతుంది.

జున్ను తయారీలో ప్రధానమైన లాక్టోకాకస్ లాక్టిస్ జన్యుక్రమం 2001లో ప్రచురితమైనప్పుడు, అందులో శ్వాసక్రియకు కావలసిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ జన్యువులు కనిపించాయి. ఆ ఎంజైము పనిచేయడానికి హీమ్ కావాలి. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టి ఉంచే భాగమే అది. దాన్ని స్వయంగా తయారుచేసుకోలేని ఈ బ్యాక్టీరియాకు పోషక ద్రవంలో హీమ్ కలిపి, గాలి ఊదితే అది నిజంగానే శ్వాసిస్తుందని ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నిరూపించారు. కిణ్వనంలో తన ఆమ్లమే తన పెరుగుదలను అడ్డుకుంటుండగా, శ్వాసించేటప్పుడు ఆమ్లం తగ్గి కణరాశి దాదాపు రెట్టింపవుతుంది. ఆ కణాలు చల్లని నిల్వలో మరింతకాలం బతుకుతాయి. కణాలనే సరుకుగా అమ్మే తోడు పరిశ్రమకు ఇంతకన్నా కావలసినది లేదు కనుక, డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ హాన్సెన్ సంస్థ ఈ పద్ధతిని ఉత్పత్తిలోకి తెచ్చింది.

పెరుగు తోడుకునే దశలో మాత్రం అవసరం తలకిందులవుతుంది. పాలలో కరిగిన ఆక్సిజన్‌ను స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ముందుగా వాడుకున్న తరువాతే, యోగర్ట్‌లో దానికి తోడుండే లాక్టోబాసిల్లస్ బల్గారికస్ చురుకుగా పనిచేస్తుంది. అందుకే జపాన్ పరిశోధకులు ఆ ఆక్సిజన్‌ను ముందే తగ్గించి, తోడుకునే సమయాన్ని కుదించారు. తెలుగు ఇళ్లలో పాలను పొంగేవరకు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, తోడువేసి, కదపకుండా మూతపెట్టే అలవాటు కూడా ఇదే దిశలో సాగుతుంది. కాచినప్పుడు పాలలోని గాలి చాలావరకు వెళ్లిపోతుంది, కదపకపోవడం వల్ల మళ్లీ అంతగా చేరదు.

కణాలు కావలసినచోట గాలినివ్వడం, పులుపు కావలసినచోట గాలిని తప్పించడం ఒకే విద్యకు రెండు వైపులు. ఒక జీవి సామర్థ్యాన్ని దానికి అలవాటైన పాత్రలోనే కొలిచి తీర్పు చెప్పకుండా, దానికి లోపించినదేమిటో వెతికి అందించిన ఓపికే ఈ విద్యను పూర్తిచేసింది.