ఎర్రసిరా 19

పాత ఓడ ఉత్తరాలు సేకరిస్తానంటే ‘మంచి స్టాంపులున్నాయా?’ అని అడుగుతారు. నా దగ్గరున్న వాటిలో చాలావాటికి స్టాంపే లేదు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికించి, పైన చిరునామా రాసి పంపినవి. నేను చూసేది ముద్రలు, అందులోనూ అంకెలు.

1851లో న్యూయార్క్ నుంచి లివర్‌పూల్‌కి వెళ్లిన ఉత్తరం ఒకటుంది. కాగితం గోధుమరంగుకు తిరిగింది, మడతల దగ్గర చిరిగింది. దాని మీద ఎర్రసిరాతో 19. పంపినాయన కట్టింది మాత్రం 24 సెంట్లు. 1849లో అమల్లోకి వచ్చిన అమెరికా–బ్రిటన్ ఒప్పందం ప్రకారం అర ఔన్సు లోపు ఉత్తరానికి రేటు అది: అమెరికా లోపలి రవాణాకు 5, సముద్రం దాటించినందుకు 16, బ్రిటన్ లోపలి బట్వాడాకు 3. ఓడ ఎవరిదైతే ఆ 16 వాళ్లకి. బ్రిటన్ తరఫున తిరిగే కునార్డ్ ఓడలో వెళ్తే 16, 3 కలిపి 19 బ్రిటన్‌కి జమ. అమెరికా తరఫున తిరిగే కాలిన్స్ ఓడైతే 3 మాత్రమే. ఎక్కడా ఓడ పేరు లేకపోయినా ఎవరి ఓడో ఆ అంకే చెప్పేస్తుంది. తేదీ ముద్ర పట్టుకుని రాకపోకల పట్టికలు తిరగేస్తే ఓడ పేరూ దొరుకుతుంది. ఎరుపైతే డబ్బు ముట్టినట్టు, నలుపైతే అందుకున్నవాడు కట్టాలి.

చిరునామా పక్కన ‘ఫలానా స్టీమర్ ద్వారా’ అని రాసుంటే కొత్తవాళ్లు మురిసిపోతారు. అది రాసినవాడి కోరిక, అంతే. ఆ ఓడ అందకపోతే ఉత్తరం ఇంకోటి ఎక్కేది. నేను ముద్రనే నమ్ముతాను.

ఆ ఒప్పందం తగవు మీద పుట్టింది. 1847లో అమెరికా స్టీమర్ వాషింగ్టన్ టపా మోయడం మొదలుపెట్టగానే, ఆ ఓడ తెచ్చిన ఉత్తరాలకీ బ్రిటన్ షిల్లింగు వసూలు చేసింది, తన ఓడ మోసినట్టే! మరుసటి ఏడాది అమెరికా కూడా బ్రిటిష్ ఓడల ఉత్తరాలకి అదే పని చేసింది. రెండు సర్కార్ల పంతానికి ఒకే ఉత్తరం సముద్రపు కూలి రెండుసార్లు కట్టుకుంది. 1848 రెండో సగంలోని ఆ ఉత్తరాలు కనబడితే, ధర కాస్త ఎక్కువైనా నేను వదలను. ఎంత అందమైన స్టాంపు ఉన్న కవరైనా వాటి తర్వాతే.

1875లో అంతర్జాతీయ తపాలా ఒప్పందం అమల్లోకి వచ్చి, ఎవరు వసూలు చేసింది వాళ్లే ఉంచుకోవడం మొదలైంది. ఉత్తరం మీద జమ అంకె వేసే పని తప్పింది. ఆ తర్వాతి కవర్లు నేను కొనను.