ఫాస్ఫేటు కొలత, కణశక్తి లెక్క

పాఠ్యపుస్తకాల్లో జీవకణం పాఠం సాధారణంగా ఒక బొమ్మతో మొదలై, కేంద్రకం, మైటోకాండ్రియా, లైసోజోమ్ వంటి భాగాల పేర్లూ వాటి పనులూ వరుసకట్టిన పట్టికతో ముగుస్తుంది. పరీక్షకు అది చాలు. కానీ కణంలో శక్తి ఒక పదార్థం నుంచి మరొక పదార్థానికి ఎలా చేరుతుందో, ఏ పని ఏ భాగంలో జరుగుతుందో బొమ్మను చూసి ఎవరూ కనుక్కోలేదు. ఆ భావనల్లో చాలా వరకు ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో జీవరసాయన శాస్త్రజ్ఞులు అలవరచుకున్న ఒక కొలత సంప్రదాయం నుంచి పుట్టాయి. కణజాలాన్ని ఆమ్లంలో నూరి, వడకట్టి, ఆ ద్రవంలో ఫాస్ఫేటు ఎంత ఉందో, అంతకన్నా ముఖ్యంగా అది ఎంతసేపటికి బయటపడుతోందో రంగును బట్టి లెక్కగట్టడం ఆ సంప్రదాయపు సారం.

దానికి గట్టి పునాది వేసినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948). మద్రాసులో వైద్యం చదివి 1922లో బోస్టన్ చేరిన ఆయన, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా అంచనా వేసే పద్ధతిని ప్రకటించారు. తెలుగునాట సుబ్బారావు పేరు ఎక్కువగా ఫోలిక్ ఆమ్లంతోనూ ఆరియోమైసిన్‌తోనూ ముడిపడి వినిపిస్తుంది. అవి జనానికి నేరుగా అందిన మందులు కాబట్టి అది సహజమే. అయినా కణశాస్త్రానికి సంబంధించినంత వరకు ఆయన పనిలో ఎక్కువ దూరం ప్రయాణించినది ఈ కొలత పద్ధతే. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపుకు నోచుకున్న పత్రాల్లో అది ఒకటి.

పద్ధతి వినడానికి సులువు. కణజాలాన్ని చల్లని ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లంలో నూరితే మాంసకృత్తులు విరిగి అడుగున చేరతాయి, చిన్న అణువులు ద్రవంలో మిగులుతాయి. వడకట్టిన ఆ ద్రవానికి ఆమ్లం కలిపిన మాలిబ్డేటును చేర్చినప్పుడు, దేనికీ అతుక్కోకుండా విడిగా ఉన్న ఫాస్ఫేటు, అంటే అకర్బన ఫాస్ఫేటు మాత్రమే మాలిబ్డేటుతో కూడి ఫాస్ఫోమాలిబ్డేటుగా మారుతుంది. దాన్ని ఎలక్ట్రాన్లు అందించే పదార్థంతో క్షయకరణం చేస్తే చిక్కటి నీలిరంగు వస్తుంది. చిక్కంతా ఈ చివరి మెట్టులోనే ఉంది, ఎందుకంటే ఆమ్లం పాలు తప్పితే ఫాస్ఫేటుతో కలవని మాలిబ్డేటు కూడా నీలమెక్కి లెక్కను పాడుచేస్తుంది. అంతకుముందు బెల్, డాయిసీ వాడిన హైడ్రోక్వినోన్‌కు బదులుగా ఫిస్కే, సుబ్బారావు అమైనోనాఫ్తాల్‌సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకోవడంతో రంగు కొద్ది నిమిషాల్లోనే రావడమే కాక, ద్రవంలోని ఇతర పదార్థాల అడ్డంకి కూడా తగ్గింది.

రంగును చదవడానికి నాటి ప్రయోగశాలల్లో వాడినది డుబోస్క్ కలరీమీటర్. అందులో పక్కపక్కన రెండు గాజు గిన్నెలు ఉంటాయి: ఒకదానిలో ఫాస్ఫేటు ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణం, రెండోదానిలో పరీక్షించవలసిన ద్రావణం. వాటి గుండా వచ్చిన కాంతి చూపుగొట్టంలో ఒకే వృత్తపు రెండు సగాలుగా కనిపిస్తుంది. గిన్నెలను పైకీ కిందికీ జరుపుతూ, రెండు సగాల మధ్య గీత కంటికి ఆనకుండా పోయిన చోట ఆపి, కాంతి దాటివచ్చిన ద్రవపు లోతులను చదువుతారు. లోతు ఎంత తక్కువైతే ద్రావణం అంత చిక్కనిదని అర్థం.

ఈ పద్ధతిని తాజా కండరపు ద్రవానికి వర్తింపజేసినప్పుడు నీలిరంగు వేళకు స్థిరపడక చాలాసేపు పెరుగుతూనే పోయింది. దాన్ని పరికరం దోషమనో మలినాల ప్రభావమనో పక్కన పెట్టడం తేలికే. ఫిస్కే, సుబ్బారావు అలా చేయక, అంతవరకు అకర్బన ఫాస్ఫేటుగా లెక్కలోకి వచ్చినదానిలో పెద్ద భాగం నిజానికి మరో పదార్థానికి అతుక్కుని ఉందని, పరీక్షనాళికలోని ఆమ్ల మాలిబ్డేటులోనే అది నెమ్మదిగా విడిపోతోందని గ్రహించారు. విడిపోయిన ప్రతి ఫాస్ఫేటుకూ ఒక క్రియాటిన్ అణువు లెక్కకు వచ్చింది. 1927లో వారు వెల్లడించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా కప్ప కండరంలో అలాంటి అస్థిర ఫాస్ఫేటును గుర్తించారు. కండరం పనిచేసినప్పుడు అది తరిగి, విశ్రాంతిలో తిరిగి పోగుపడుతుందన్న పరిశీలన, కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న నాటి సిద్ధాంతానికి తొలి బీటలు వేసింది. డెన్మార్క్‌కు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్ 1930లో అయొడోఎసిటిక్ ఆమ్లంతో, గ్లూకోజ్ నుంచి లాక్టిక్ ఆమ్లం ఏర్పడే గ్లైకాలిసిస్ మార్గాన్ని మూసివేసినా కండరం కొంతసేపు ముడుచుకోగలదని, ఆ కాసేపట్లో ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతుందని చూపడంతో ఆ సిద్ధాంతం నిలవలేదు.

ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ, 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావులకూ జర్మనీలో కార్ల్ లోమాన్‌కూ విడివిడిగా దొరికింది. దాని నిర్మాణాన్ని పట్టించినదీ గడియారమే. నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వంద డిగ్రీల వద్ద ఏడు నిమిషాలు మరిగిస్తే ఏటీపీలోని మూడు ఫాస్ఫేట్లలో రెండు ఊడివస్తాయి. రైబోజ్ చక్కెరకు నేరుగా అతుక్కున్న మూడోది మాత్రం చాలాసేపు పట్టు వదలదు. వేడి చేయకుండానే ఆమ్ల మాలిబ్డేటులో విడిపోయేది ఫాస్ఫోక్రియాటిన్, ఏడు నిమిషాల్లో విడిపోయేవి ఏటీపీ చివరి రెండు ఫాస్ఫేట్లు, ఆపైన మొండికేసేవి చక్కెర ఫాస్ఫేట్లు: అణువులను కంటితో చూసే దారి లేని కాలంలో ఆమ్లమూ వేడీ సమయమూ కలిసి వాటి బంధాలను ఇలా వేరుపరిచాయి.

ఇక్కడ ఒక అపోహను ప్రస్తావించక తప్పదు. ఏటీపీలో శక్తి దాచిన బంధం ఒకటి ఉంటుందని, అది తెగగానే శక్తి వెలువడుతుందని పుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నాయి. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ప్రవేశపెట్టిన అధికశక్తి బంధం అన్న మాటను కురచగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. నిజానికి ఏ బంధాన్ని తెంచడానికైనా శక్తి ఖర్చు పెట్టాల్సిందే. నీటితో ఏటీపీ చర్య జరిగినప్పుడు శక్తి వెలువడడానికి, కొత్తగా ఏర్పడే ఏడీపీ (ఒక ఫాస్ఫేటు ఊడిన ఏటీపీ), ఫాస్ఫేటు మరింత స్థిరమైనవి కావడం ఒక కారణమైతే, కణం తన ఏటీపీ, ఏడీపీ నిష్పత్తిని సమతాస్థితికి కోట్ల రెట్లు దూరంగా నిలిపి ఉంచడం రెండో కారణం. అందుకే ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్లు ఇచ్చే ఈ చర్య, జీవకణంలో సుమారు 50 కిలోజౌళ్ల వరకు ఇస్తుంది. సమతాస్థితికి చేరిపోయిన ఏటీపీ ద్రావణం బిందెడున్నా దానితో ఒక కండరపు పోగును కదల్చలేము. ఫాస్ఫోక్రియాటిన్ విషయంలో ఆ ప్రామాణిక విలువ సుమారు 43 కిలోజౌళ్లు కాబట్టి, అది తన ఫాస్ఫేటును ఏడీపీకి అందించి ఏటీపీని తిరిగి నిలబెట్టగలదు. క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ నడిపే ఈ చర్యను లోమాన్ 1934లో వివరించారు. మనిషి శరీరంలో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ వంద గ్రాముల స్థాయిదే అయినా, రోజంతా ఏర్పడి ఖర్చయ్యేది దాదాపు శరీరపు బరువంత ఉంటుందంటే ఈ పునరుద్ధరణ ఎంత వేగంగా సాగుతుందో ఊహించవచ్చు.

అంత ఏటీపీ ఎక్కడ తయారవుతుందన్న ప్రశ్నకు జవాబివ్వడానికి కణాన్ని భాగాలుగా విడదీసే పనితనం కావలసివచ్చింది. ఆల్బర్ట్ క్లాడ్ మొదలుపెట్టిన ఆ పనిని హోగబూమ్, ష్నైడర్, పలాడె 1948 నాటికి మెరుగుపరిచారు. కాలేయాన్ని చల్లని చక్కెర ద్రావణంలో మెత్తగా నలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, తక్కువ వేగంలో కేంద్రకాలు అడుగున చేరతాయి, మరింత వేగంలో మైటోకాండ్రియా చేరతాయి. మరుసటి ఏడాది కెనెడీ, లెనింజర్ ఇలా వేరుచేసిన మైటోకాండ్రియాలోనే ఆహారపు ఆక్సీకరణం, ఏటీపీ తయారీ ముడిపడి జరుగుతాయని చూపారు. ఇలాంటి ప్రయోగాల్లో ఆక్సిజన్ ఖర్చవుతుండగా ద్రవంలోని అకర్బన ఫాస్ఫేటు తగ్గిపోవడమే సాక్ష్యం. ఆ ముడి ఎలా పడుతుందన్నది మాత్రం 1961లో పీటర్ మిచెల్, మైటోకాండ్రియా లోపలి పొరకు ఇరువైపులా ప్రోటాన్ల సంఖ్యలో తేడా ఏర్పడి, అది సమానమయ్యే ప్రయత్నమే ఏటీపీని తయారుచేస్తుందని ప్రతిపాదించేదాకా ఎవరికీ అంతుపట్టలేదు.

ఫాస్ఫేటు లెక్క కుదరకపోవడం మరో ఆవిష్కరణకు దారితీసింది. బెల్జియంలోని లూవెన్‌లో క్రిస్టియన్ డి డూవ్ బృందం కాలేయంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ విడుదల చేసే ఫాస్ఫేటును కొలుస్తుండగా, అప్పుడే మెత్తగా నలిపిన నమూనాలో చర్య ఉండవలసినదానిలో సుమారు పదో వంతే కనిపించింది. అదే నమూనాను కొన్ని రోజులు చల్లని పెట్టెలో ఉంచి చూస్తే చర్య పూర్తిగా వెల్లడైంది. ఎంజైమ్ ఒక పొర లోపల బందీగా ఉందని, పొర బలహీనపడ్డాకే బయటి పదార్థాన్ని అందుకోగలిగిందని ఆ బృందం తర్కించింది. 1955లో లైసోజోమ్ అని పేరు పెట్టేనాటికి దాని ఉనికికి ఉన్న ప్రధాన సాక్ష్యం సూక్ష్మదర్శినిలోని చిత్రం కాదు, ఈ ఆలస్యపు అంకెలే.

కణాన్ని నలిపితే గాని కొలవలేకపోవడం ఈ సంప్రదాయానికి పుట్టుకతో వచ్చిన లోపం. కండరాన్ని కోసిన మరుక్షణమే ఫాస్ఫోక్రియాటిన్ తరగడం మొదలవుతుంది. 1974లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుక కాలి కండరాన్ని నలపకుండానే ఫాస్ఫరస్ అయస్కాంత అనునాదంతో పరీక్షించి, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, అకర్బన ఫాస్ఫేటు మూడింటినీ వేర్వేరు శిఖరాలుగా చూశారు. తరువాత ఈ పద్ధతి మనుషులకూ విస్తరించింది. వ్యాయామం చేస్తుండగానే ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం కుంగడమూ, ఆపిన కొద్ది నిమిషాల్లో తిరిగి లేవడమూ, ఏటీపీ శిఖరం దాదాపు మారకుండా ఉండడమూ అందులో కనిపిస్తాయి. అకర్బన ఫాస్ఫేటు శిఖరం జరిగిన దూరాన్ని బట్టి కణంలోని ఆమ్లత్వాన్నీ చదవవచ్చు. కణంలో స్వేచ్ఛగా తిరిగే ఏడీపీ మాత్రం మరీ తక్కువ కావడం వల్ల అందులో కూడా కనిపించదు. దాన్ని నేటికీ లోమాన్ వివరించిన క్రియాటిన్ కైనేజ్ చర్య సమతాస్థిరాంకం నుంచి లెక్కగట్టవలసిందే.