ముగ్గురి పాటలో ఒకరు లేచి వెళ్ళాక

2019 జూలై 1న జానెట్ వైస్ తాను స్లీటర్-కిన్నీ బ్యాండ్ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 1996లో చేరిన డ్రమ్మర్ ఆమె. బ్యాండ్ కొత్త దారి పట్టింది, నేను నా దారి చూసుకునే సమయం వచ్చింది అన్న అర్థంలో రెండు మాటలు చెప్పి ఊరుకుంది. అప్పటికి 'ద సెంటర్ వోంట్ హోల్డ్' ఆల్బమ్ బయటికే రాలేదు, ఆగస్టులో రావాలి. అయినా చాలామంది అభిమానులు తీర్పు ఆ రోజే రాసేసుకున్నారు. వాళ్ళ లెక్కలో తప్పంతా ఆనీ క్లార్క్‌ది. సెయింట్ విన్సెంట్ పేరుతో పాడే ఈ కళాకారిణి ఆ ఆల్బమ్‌కు ప్రొడ్యూసర్. ఆమె వచ్చింది, సింథసైజర్లు తెచ్చింది, గిటార్లను పక్కకు నెట్టింది, చివరికి ముగ్గురినీ విడదీసింది. ఇదీ కథ. అన్నదమ్ములు వేరుపడితే నింద కొత్త కోడలి మీదికి నెట్టే మన ఇళ్ళ అలవాటు గుర్తొచ్చి మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. ఈ మాటలంటున్న వాళ్ళలో ఈ బ్యాండ్ పాటలు వింటూ స్త్రీవాదంలోకి వచ్చామని చెప్పుకునే ఆడవాళ్ళూ ఉన్నారు మరి.

ఈ బ్యాండ్‌తో పరిచయం లేనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా అనే చిన్న ఊరు. 1990ల మొదట్లో అక్కడి ఆడపిల్లలు గిటార్లు పట్టుకుని, చేత్తో రాసి జిరాక్సు తీసిన చిన్న పత్రికలు పంచుకుంటూ, కచేరీల్లో మగపిల్లలు తోసుకుంటూ ఆక్రమించే ముందు వరసలోకి అమ్మాయిల్ని పిలిచి నిలబెడుతూ మొదలుపెట్టిన ఉద్యమానికి రయట్ గర్ల్ అని పేరు. బికినీ కిల్, బ్రాట్‌మొబైల్ వంటి బ్యాండ్లు అందులోంచి వచ్చినవే. హెవెన్స్ టు బెట్సీ నుంచి కోరిన్ టక్కర్, ఎక్స్‌క్యూజ్ 17 నుంచి క్యారీ బ్రౌన్‌స్టీన్ వచ్చి 1994లో స్లీటర్-కిన్నీ మొదలుపెట్టారు. పక్క ఊరు లేసీలో ఉన్న ఒక రోడ్డు పేరే బ్యాండ్ పేరయింది. రెండు గిటార్లు, డ్రమ్స్, అంతే. రాక్ బ్యాండ్‌కు నేలలాంటి బేస్ గిటారు వీళ్ళకు లేదు. ఆ నేల లేకపోవడం వల్లే మిగిలిన ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని నిలబడాలి. ఎవరు చేయి వదిలినా పాట కూలుతుంది.

ఆ ఉద్యమం 'మనం' అన్నప్పుడు ఆ మాటలో ఎక్కువగా తెల్ల అమ్మాయిలే ఉన్నారన్న విమర్శ అప్పుడే వచ్చింది, అది న్యాయమైనదే. 'నీలిమేఘాలు' వచ్చిన పదేళ్ళకు 'నల్లపొద్దు' ఎందుకు రావలసి వచ్చిందో తెలిసిన ఈ పత్రిక పాఠకులకు దాన్ని నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక్కడ నా ఆసక్తి ఇంకా చిన్న 'మనం' మీద. ముగ్గురు మనుషుల 'మనం' మీద.

ఈ బ్యాండ్ అభిమానులు ఇద్దరు కలిస్తే మూడు అభిప్రాయాలు. 1997 నాటి 'డిగ్ మీ అవుట్' దగ్గర మాత్రం దాదాపు అందరూ ఒక్కటవుతారు. జానెట్ చేరాక వచ్చిన మొదటి ఆల్బమ్ అది. కోరిన్ గొంతు సన్నగా వణుకుతూ లేచి ఇంటి కప్పు ఎగరగొడుతుంది. ఆ గొంతు భరించలేక పారిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆడగొంతు ఎంతవరకు లేవాలో మనకందరికీ లోపల ఒక కొలత ఉంటుంది, అది దాటితే చెవి నొప్పి పుడుతుంది. ఆ కొలత నాలోనూ ఉందని ఈ గొంతు వినే తెలుసుకున్నాను.

అసలు తగాదా 1999లో వచ్చిన 'ద హాట్ రాక్'తో మొదలవుతుంది. ముందటి ఆల్బమ్ లాంటిదే ఇంకొకటి కోరుకున్నవాళ్ళకు ఇది చప్పగా తోచింది. వేగం తగ్గింది, అరుపు తగ్గింది, గిటార్లు ఒకదానిలో ఒకటి చిక్కుపడి దారం కొస దొరకదు. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైన ఆల్బమ్ ఇదే. ఇందులో 'బర్న్, డోంట్ ఫ్రీజ్' అనే పాట ఉంది. కోరిన్, క్యారీ ఇద్దరూ ఒకేసారి వేర్వేరు మాటలు పాడుతుంటారు. ఒకరిని వింటే ఇంకొకరు జారిపోతారు. ప్రధాన గాయని, తోడు గాయని అన్న తేడా అక్కడ ఉండదు. ఒకప్పుడు ప్రేమలో ఉండి విడిపోయిన ఇద్దరు స్త్రీలు, ఆ సంబంధం గురించి 1996లో ఒక పత్రిక వాళ్ళ అనుమతి లేకుండా లోకానికి చెప్పేశాక కూడా, ఒకే మైకుల వరసలో నిలబడి పాడుతున్నారని తెలిసి వింటే ఆ చిక్కు వేరేగా వినిపిస్తుంది. మరి వాళ్ళిద్దరి మాటల మధ్య ఎవరు ఎక్కడ ఆగాలో చెబుతున్నదెవరు? జానెట్. ఆమె అక్కడ తాళం వేయడం లేదు, సంభాషణ నడుపుతోంది. ఒక గొంతు వాక్యం ముగించే చోట చిన్న దెబ్బ, ఇంకొక గొంతు మొదలయ్యే చోట ఖాళీ. ఆ ఖాళీని వినడం నేర్చుకున్నాకే ఈ ఆల్బమ్ నాకు తెరుచుకుంది.

2000 నాటి 'ఆల్ హ్యాండ్స్ ఆన్ ద బ్యాడ్ వన్' గురించి పెద్దగా తగాదాలు లేవు, నాకూ లేవు. 2001లో గ్రీల్ మార్కస్ టైమ్ పత్రికలో వీళ్ళను అమెరికాలోనే ఉత్తమ రాక్ బ్యాండ్ అన్నాడు. ఆ కితాబు కొందరు పాత అభిమానులకు గర్వంగానూ ఉంది, తమ వస్తువు ఎవరో ఎత్తుకుపోయినట్లూ ఉంది. 2002 నాటి 'వన్ బీట్' 2001 సెప్టెంబర్ 11 తర్వాతి భయంలో, కోరిన్ తల్లి అయిన తర్వాత వచ్చింది. దేశమంతా జెండాలు ఊపుతున్నప్పుడు ఒక బాలింత టీవీ ముందు కూర్చుని అడిగే ప్రశ్నలు అందులో ఉన్నాయి. దాన్ని నినాదాల ఆల్బమ్ అని తీసిపారేసే అభిమానులతో నాకు పేచీ ఉంది కానీ అది ఇంకో వ్యాసం.

2005 నాటి 'ద వుడ్స్' దగ్గర మళ్ళీ రెండు పక్షాలు. కిల్ రాక్ స్టార్స్ అనే చిన్న సంస్థను వదిలి సబ్ పాప్‌కు వెళ్ళారు, డేవ్ ఫ్రిడ్మన్ ప్రొడ్యూసర్. శబ్దం పగిలిపోయేలా, స్పీకరు చిరిగిందేమో అని లేచి చూసుకునేలా రికార్డు చేశారు. ఒక పాట పదకొండు నిమిషాలు సాగుతుంది. ఇది మగవాళ్ళ డెబ్భైల రాక్‌ను అనుకరించడమే అని కొందరు, ఆ డాబును లాక్కుని సొంతం చేసుకోవడం అని కొందరు. నేను రెండో పక్షం. ఒక సంగతి గమనించండి. ఇక్కడ ప్రొడ్యూసర్ మగవాడు, మార్పు ఇంకా పెద్దది. అయినా ఫ్రిడ్మన్ వీళ్ళను దారి తప్పించాడని ఎవరూ గట్టిగా అనలేదు. రికార్డింగు నచ్చనివాళ్ళు రికార్డింగు నచ్చలేదన్నారు, అంతవరకే. పద్నాలుగేళ్ళ తర్వాత అదే పని ఒక స్త్రీ చేస్తే మాత్రం చేసిన పనిని వదిలి ఆమె వెనక ఉద్దేశాలు వెతికారు.

2006లో బ్యాండ్ ఆగిపోయింది. 2015 జనవరిలో 'నో సిటీస్ టు లవ్'తో తిరిగొచ్చింది. నేను వీళ్ళను విన్నది అప్పుడే, పరిశోధన సగంలో ఉండగా. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ 'డిగ్ మీ అవుట్' చేరాను. ఇది చెప్పడానికి కారణముంది. అభిమానుల ఇష్టాయిష్టాలను చాలావరకు నిర్ణయించేది వాళ్ళు ఏ గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చారన్నదే. 1997లో పదిహేడేళ్ళున్న అమ్మాయికి ఆ ఆల్బమ్ తన పదిహేడో ఏడు. బ్యాండ్ మారిందని ఆమె బాధపడేది నిజానికి తన వయసు గురించి కూడా. నాకా బాధ లేదు, అందుకని నాకు న్యాయం ఎక్కువ తెలుసనీ కాదు. అప్పుడు అక్కడ లేనిదాన్ని కాబట్టి ఆ ముగ్గురి సమానత్వాన్ని నేను కొంచెం పురాణంలా ఊహించుకున్నాను. మొదటి రెండు ఆల్బమ్‌లలో జానెట్ లేదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రికార్డు చేసిన మొదటిదానిలో డ్రమ్స్ వాయించింది లోరా మక్‌ఫార్లేన్. బ్యాండ్ పుట్టింది కోరిన్, క్యారీల మధ్య. 'ఆ ముగ్గురు' అన్నది వాళ్ళు కట్టుకున్నంతగా మేమూ కట్టాం.

ఇక 'ద సెంటర్ వోంట్ హోల్డ్'. మొత్తంగా ఇది మంచి ఆల్బమ్ కాదని నా అభిప్రాయం. అలాగని అభిమానులు చెప్పే కారణాలతో నేను ఏకీభవించను. సింథసైజర్ వాడటం నేరం కాదు. పాప్ పాటలా నున్నగా ఉండటమూ నేరం కాదు. నలభైలు దాటిన స్త్రీలు సోకుగా, కామనతో, మెరిసే బట్టల్లో కనిపించాలనుకుంటే మా పాత పంక్ అక్కలేమయ్యారని వెక్కిళ్ళు పెట్టడం నాకు చిరాకు. 'బ్రోకెన్' అనే పాట దాదాపు పియానో మీదే నడుస్తుంది. 2018లో అమెరికా సెనేట్ ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్ ప్రస్తావన అందులో ఉంది. గిటారు లేని ఆ పాట ఈ ఆల్బమ్‌లో నిలిచే వాటిలో ఒకటి.

లోపం వేరేచోట ఉంది. చాలా పాటల్లో డ్రమ్స్ గోడ గడియారంలా కొట్టుకుంటాయి. సమయం చెబుతాయి, మాట్లాడవు. 'ద హాట్ రాక్'లో వాక్యాల మధ్య ఖాళీలు పెట్టిన మనిషికి ఇక్కడ వాక్యాలు పూర్తయ్యాక కబురు వచ్చినట్లుంది. ఇది నా ఊహేనేమో అనుకున్నాను. ఆ తర్వాత జానెట్ ఒక సంభాషణలో చెప్పింది: నేనిప్పుడు కేవలం డ్రమ్మర్‌నేనా అని అడిగాను, అవునన్నారు, సృజనలో ఇంకా సమానురాలినేనా అని అడిగాను, కాదన్నారు, అందుకే వెళ్ళాను. ఇది ఆమె పక్షం. కోరిన్, క్యారీలకు తమ పక్షం ఉంటుంది. ఆమె వెళ్ళిపోతుందని తాము అనుకోలేదన్న బాధ వాళ్ళ మాటల్లోనూ వినిపించింది.

అభిమానుల తగాదా నాకు ముఖ్యమనిపించేది ఇక్కడే. రెండు పక్షాలూ స్త్రీవాద భాషలోనే మాట్లాడుతున్నాయి. మారే స్వేచ్ఛ, పాత అభిమానులకు నచ్చని పని చేసే స్వేచ్ఛ స్త్రీ కళాకారిణికి ఉందని ఒకరు. స్త్రీలు కలిసి చేసే పనిలో తోడుశ్రమ, పేరు లేని శ్రమ, సమానంగా లెక్కకు రావాలని ఇంకొకరు. ఈ రెండిట్లో ఒకటి చెప్పి ఇంకొకటి మింగేయడం తేలిక. ఆనీ క్లార్క్‌ను దోషిని చేయడం ఇంకా తేలిక, ఎందుకంటే అప్పుడు మనం ప్రేమించే ఇద్దరు స్త్రీలు మూడో స్త్రీని 'నువ్వు సమానం కాదు' అని ఉండవచ్చన్న మాట నోట పలకనక్కర్లేదు. ఆ ఇద్దరికీ సొంత బుద్ధి లేదు, ఎవరో చెబితే విన్నారు అనుకుంటే చాలు. అభిమానం పేరుతో చేసిన ఈ అవమానం సంగతి ఎవరూ ఎత్తలేదు.

జానెట్ లేకుండా 2021లో వచ్చిన 'పాత్ ఆఫ్ వెల్‌నెస్'ను తామే ప్రొడ్యూస్ చేసుకున్నారు. అభిమానులు దాన్ని మర్యాదగా విని పక్కన పెట్టారు. నేనూ అంతే. 2024 జనవరిలో 'లిటిల్ రోప్' వచ్చింది. 2022లో ఇటలీలో జరిగిన కారు ప్రమాదంలో క్యారీ తల్లి, సవతి తండ్రి చనిపోయారు. పాత పాస్‌పోర్టు కాగితాల్లో అత్యవసరానికి పిలవవలసిన పేరు కోరిన్‌ది ఉండటంతో అమెరికా ఎంబసీ ఫోను మొదట ఆమెకు వచ్చింది. ఈ ఒక్క వివరం ఆ ఇద్దరి ముప్పయ్యేళ్ళ గురించి ఏ పాటా చెప్పనంత చెబుతుంది. ఆల్బమ్ బాగుంది. కోరిన్ గొంతు మళ్ళీ కప్పు లేపుతుంది. వెళ్ళిపోయిన అభిమానులు చాలామంది తిరిగొచ్చారు.

ఆ తిరిగి రావడం మాత్రం నాకు కాస్త గుచ్చుకుంటుంది. కొన్ని పాటలు ఆ ప్రమాదానికి ముందే రాసినవి, అయినా అన్నిట్లోనూ దుఃఖమే విన్నారు. 2019లో ఆశపడి ఎగరబోయినప్పుడు క్షమించనివాళ్ళు 2024లో ఏడ్చినప్పుడు దగ్గరికి తీసుకున్నారు. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు కదా.

నా సంగతీ చెప్పాలి. 'లిటిల్ రోప్' విన్న ప్రతిసారీ, పాట ఎంత బాగున్నా, రెండు వాక్యాల మధ్య ఒక దెబ్బ కోసం నా చెవి కాచుకుని ఉంటుంది. అక్కడ వాయిస్తున్న మనిషి వేరు, ఆమె దెబ్బ వేరేచోట పడుతుంది. ఇన్నిసార్లు విన్నాక కూడా ఆమె వాయించినదాన్ని నేనింకా సరిగా వినలేదు.