కుండలో ఎన్ని బంతులు?

"ఏమండీ, కొత్త వైద్యం పనిచేస్తోందని కళ్లకు కనిపిస్తున్నా సగం మందిని పాత వైద్యంలోనే ఉంచమంటారా?" క్లినికల్ ట్రయల్స్‌కి లెక్కలు కట్టే మాబోటి స్టాటిస్టీషియన్లను డాక్టర్లు ఎప్పుడో ఒకప్పుడు ఇలా నిలదీస్తారు. నిలదీయాల్సిందే. అలాంటప్పుడు నేను 1985 నాటి ఒక ట్రయల్ సంగతి ఎత్తుతాను.

అమెరికాలో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బార్ట్‌లెట్ అనే సర్జన్ ఊపిరందని పసికందులకు ఎక్మో వాడేవారు. రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి, తిరిగి ఒంట్లోకి పంపే యంత్రమది. గాయకుడు ఎస్పీ బాలుగారి ఆఖరి రోజుల్లో మనమంతా రోజూ విన్న పేరే. సగం మంది పిల్లలకు అది అందకుండా చేయడానికి ఆ బృందానికి మనసొప్పలేదు. అందుకని గెలుస్తున్న వైపు మొగ్గే పద్ధతి ఎంచుకున్నారు.

ఆ పద్ధతిని ఇలా ఊహించుకోండి. మొదట కుండలో రెండే బంతులు: ఎక్మోది ఒకటి, మామూలు వైద్యానిది ఒకటి. ఒక్కో బిడ్డకు చూడకుండా ఒక బంతి తీసి, ఏది వస్తే ఆ వైద్యం చేసి, బంతిని మళ్లీ కుండలో వేస్తారు. బిడ్డ బతికితే అదే రకం బంతి ఇంకొకటి కలుపుతారు, పోతే అవతలి రకానిది. మొదటి బిడ్డకు ఎక్మో వచ్చింది, బతికింది. రెండో బిడ్డకు మామూలు వైద్యం వచ్చింది, దక్కలేదు. ఇద్దరు బిడ్డలకే కుండలో ఎక్మో బంతులు మూడు, అవతలిది ఒక్కటి! ఆ తర్వాత మామూలు బంతి రానేలేదు. ట్రయల్ ముగిసేసరికి ఎక్మోలో 11 మంది, అందరూ బతికారు. మామూలు వైద్యంలో ఆ ఒక్క బిడ్డే.

ఆ బిడ్డ పరిస్థితి మొదటినుంచే మరీ విషమంగా ఉండి ఉంటే? ఒక్కరితో పోల్చి ఎవరిని ఒప్పించగలం? చాలామంది ఒప్పుకోలేదు. బోస్టన్‌లో ఇంకో ట్రయల్ జరిగింది, వాదన తెగలేదు. చివరికి బ్రిటన్‌లో సగం సగంగా పంచి 185 మంది పిల్లలతో చేశారు. ఎక్మోకు కేటాయించిన 93 మందిలో 30 మంది, మామూలు వైద్యానికి కేటాయించిన 92 మందిలో 54 మంది చనిపోయారు. తేడా తేలిపోవడంతో పిల్లలను చేర్చుకోవడం ముందే ఆపేశారు. ఫలితం 1996లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. బార్ట్‌లెట్ నమ్మకమే నిజమైంది, కానీ మధ్యలో పదకొండేళ్లు గడిచాయి.

మొగ్గే పద్ధతిని నేను తప్పుపట్టను. రెండే బంతులతో మొదలుపెట్టడాన్ని తప్పుపడతాను. ఇప్పుడైతే మొదటి రోగి చేరకముందే కంప్యూటర్‌లో ఆ ట్రయల్‌ని వేలసార్లు నడిపించి చూస్తాం. ఒక వైపు ఒక్కరే మిగిలే ప్రమాదం అక్కడే బయటపడుతుంది. నన్నడిగితే ఇరువైపులా తగినంతమంది చేరేదాకా సగం సగమే పంచాలి, మొగ్గడం ఆ తర్వాతే.

మీ ఇంట్లో ఎవరినైనా ట్రయల్‌లో చేరమంటే సంతకానికి ముందు మూడు సంగతులు అడగండి: ఎవరికి ఏ వైద్యమో ఎలా తేలుస్తారు, మధ్యలో లెక్కలు ఎవరు చూస్తారు, ఏ పరిస్థితిలో ఆపేస్తారు. సరైన ట్రయల్ అయితే ఈ మూడూ ముందే కాగితం మీద రాసి ఉంటాయి.