థింసా ముద్రణలో క్రుంగిన మోరి

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పెదబయలు, అరకు కొండలలో గిరిజనులు పండుగలకు, పెండ్లిండ్లకు థింసా ఆడుదురు. డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు ఆ నృత్యపు మేళము. ఈ మేళమును నేడు సెల్‌ఫోనుతో ముద్రించుట సామాన్యమైనది. అట్టి ముద్రణలలో పలువిటియందు ఒక లోపము చెవికి తగులును. డప్పు మీద దెబ్బ పడినపుడెల్ల మోరి నాదము క్రుంగును. రెండు దెబ్బల నడుమ మరల ఉబికి వచ్చును. ఊదువాని ఊపిరి తడబడుచున్నదని వినువారు భ్రమపడుదురు. తప్పు వానిది కాదు, యంత్రమునది.

ఒక ధ్వని మరియొకదానికంటె 40 డెసిబెల్‌లు హెచ్చైనచో దాని శక్తి 10,000 రెట్లు. ఇంతటి అంతరమును కుదించుటకే కంప్రెసర్ ఏర్పడినది. దానికొక హద్దు నిర్ణయింతురు. నిష్పత్తి నాలుగింటికి ఒకటి యైనచో, హద్దును 12 డెసిబెల్‌లు దాటిన ధ్వని 3 డెసిబెల్‌లు మాత్రమే దాటి బయటకు వచ్చును. ఫోనులోని స్వయంచాలక స్థాయి నియంత్రణము కూడ దీని చుట్టమే. డప్పును అణచునపుడు అదే క్షణమున మ్రోగు మోరిని కూడ అణచును, ఏలయన రెండును ఒకే మైకులో కలసి వచ్చినవి. దెబ్బ గడచిన పిదప యంత్రము పట్టు సడలించుటకు కొంత వ్యవధి పట్టును. ఆ లోపల మరియొక దెబ్బ పడినచో మోరికి తేరుకొను తావే లేదు. తాళము వడి హెచ్చినకొలది ఈ చేటు హెచ్చును.

లిమిటర్ ఇంకను కఠినమైనది. హద్దును దాదాపు దాటనీయదు. రేడియో ప్రసారిణికి అది మంచి కాపలాదారు. కాని పాట బిగ్గరగా వినిపింపవలెనను మోజుతో దానిని మితిమీరి వాడుట వేరు సంగతి. 2008లో మెటాలికా బృందపు ‘డెత్ మాగ్నెటిక్’ ముద్రణ ఈ కారణముననే విమర్శల పాలైనది. ఐరోపా ప్రసార సంఘము 2010లో కార్యక్రమముల సగటు బిగ్గరతనమునకే ఒక ప్రమాణమును సూచించినది.

గేటు పని దీనికి విరుద్ధము. అది హద్దుకు దిగువనున్న ధ్వనికి తలుపు మూయును. గాలిహోరు పోవునన్నది నిజమే. అందెల కడపటి సవ్వడి, కొండవాలునుండి తిరిగివచ్చు మారుమ్రోత కూడ దానితోనే పోవును. అవి లేని థింసా నాలుగు గోడల నడుమ ఆడినట్లుండును. ఎక్స్‌పాండర్ కొంత మృదువైనది. నిష్పత్తి ఒకటికి రెండైనచో హద్దుకు 5 డెసిబెల్‌లు దిగువనున్న ధ్వనిని 10 డెసిబెల్‌లు దిగువకు దింపును, పూర్తిగా త్రుంచదు.

క్రిక్కిరిసిన బస్సులో వినుటకు కంప్రెసర్ మేలే. అయితే ఆ పని ముద్రణ ముగిసిన పిదప, వేరొక ప్రతిమీద చేయదగినది. మొదటనే అణచినచో ఏ క్షణమున ఎంత అణచినదో లెక్క మిగులదు, పూర్వరూపము రాదు. పాఠశాలలో ఆ ముద్రణను విని మోరి నేర్చుకొను పిల్లవాడు యంత్రపు ఒడిదుడుకులనే పాటగా నేర్చుకొనును. ముద్రించువారు స్వయంచాలక నియంత్రణమును ఆపి, గట్టి దెబ్బకు పైన 10, 12 డెసిబెల్‌ల చోటు విడిచి స్థాయి నిలుపవలెను. మైకును మోరికి దగ్గరగా, డప్పుకు దూరముగా ఉంచవలెను. ఆరుబయట దూరము రెట్టింపైనచో డప్పు మ్రోత సుమారు 6 డెసిబెల్‌లు తగ్గును. దీనికి ఏ యంత్రమును అక్కరలేదు.