ఊపిరిని దాని మానాన వదిలి

మూడో రోజు మధ్యాహ్నం తెలిసింది, కుడి ముక్కు రంధ్రం అంచున గాలి చల్లగా తగులుతోందని. అంతకుముందు రెండున్నర రోజులుగా అదే చాప మీద కూర్చుని, అదే గాలి పీలుస్తూ, దాన్ని పట్టుకోవాలని నానా తంటాలు పడ్డాను. మోకాళ్లు సలిపాయి. ఇంటికి తాళం సరిగ్గా వేశానా అన్న అనుమానం మొదలుకొని పదేళ్ల కిందట ఒక పెళ్లిలో పడ్డ మాట దాకా అన్నీ వరసకట్టి వచ్చాయి, ఊపిరి తప్ప. ఇక నా వల్ల కాదని ఊరకే కూర్చున్నాను. అప్పుడు, పై పెదవికి పైన రూపాయి బిళ్లంత కూడా లేని చోట, వచ్చే గాలి చల్లగా, పోయే గాలి వెచ్చగా తగిలింది. ఐదారు ఊపిరులు, అంతే. మళ్లీ మనసు ఎటో పోయింది. ఆ కాసేపూ మోకాలి నొప్పి ఉంది గానీ, దాని మీద విసుగు లేదు. నేను అక్కడికి వెళ్లినందుకు దక్కిన మొదటి ఫలం అదే.

అది నాగార్జునసాగర్ దగ్గర విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరం. తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. 4:30కి కళ్లు మూసుకుని కూర్చోవాలి. 11 గంటలకు భోజనం, సాయంత్రం 5 గంటలకు కొత్తవాళ్లకు టీ, పండు. పదో రోజు ఉదయం దాకా మౌనం. బసకు గానీ తిండికి గానీ రుసుము లేదు, ముందు శిబిరాలు పూర్తిచేసినవాళ్ల దానంతోనే అంతా నడుస్తుంది. మొదటి మూడు రోజులూ ఒకటే పని, ఊపిరిని గమనించడం. దీని పేరు ఆనాపానసతి. పాళీ భాషలో ఆన అంటే లోపలికి వచ్చే గాలి, అపాన అంటే బయటికి పోయేది, సతి అంటే స్మృతి. ఈ చివరి మాటకు మన ‘ఎరుక’ చక్కగా సరిపోతుందని నాకనిపిస్తుంది.

ఈ సాధనను వివరించే ఆనాపానసతి సూత్రం మజ్ఝిమ నికాయంలో 118వది. శ్రావస్తిలో విశాఖ అనే ఉపాసిక కట్టించిన విహారంలో, భిక్షువుల నడుమ ఆరుబయట కూర్చుని బుద్ధుడు దీన్ని చెప్పాడని ఆ గ్రంథం అంటుంది. అది కార్తీక పౌర్ణమి రాత్రి, మనం దీపాలు వెలిగించుకునే పున్నమి. ఆ సూత్రంలో పదహారు మెట్లున్నాయి. దేహం, వేదన (అంటే అనుభూతి), చిత్తం, ధర్మాలు అని నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో నాలుగేసి మెట్లు. నాకు మొదటి రెండు మెట్లే ఇప్పటికీ తరగని పాఠం. ఊపిరి దీర్ఘంగా ఉంటే దీర్ఘంగా ఉందని తెలుసుకో, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని తెలుసుకో. పొట్టిగా ఉన్నదాన్ని సాగదీయమని అక్కడ లేదు.

దీనికి సతిపట్ఠాన సూత్రం ఒక పనివాడి పోలిక తెస్తుంది. తరిమెన పట్టే నేర్పరి గానీ అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు గానీ పెద్ద తిప్పు తిప్పితే పెద్ద తిప్పని, చిన్న తిప్పు తిప్పితే చిన్న తిప్పని ఎరిగి ఉంటాడట. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్లను చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటుంది, ఉలి అంచు కర్రకు తగిలే ఆ ఒక్క చోటే పనివాడి చూపు ఉంటుంది. కర్ర మొత్తాన్నీ అతను చూడడు, తగిలే చోటునే చూస్తాడు. ముక్కు కింద గాలి తగిలే చోట మనం కూర్చోవడమూ అలాంటిదే.

ప్రాణాయామానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. పూరకం, కుంభకం, రేచకం అని లెక్కపెట్టి ఊపిరిని నడిపించడం ప్రాణాయామం. దాని విలువ దానికుంది. ఆనాపానసతిలో మాత్రం ఊపిరి మీద మన పెత్తనం ఉండదు. ఎడమ ముక్కున ఆడితే ఎడమ, కుడిన ఆడితే కుడి. కొత్తవాళ్లం చేసే మొదటి తప్పు దాన్ని సరిదిద్దబోవడం. రెండో తప్పు, మనసు పారిపోయిందని నొచ్చుకోవడం. మనసు పోయిందని తెలిసిన క్షణమే ఎరుక. నలభై సార్లు పోయి నలభై సార్లు తిరిగి వస్తే ఆ పూట నలభై సార్లు సాధన చేసినట్టే.

మనసు మరీ కుదురుగా లేనివాళ్లకు లెక్క సాయం చేస్తుంది. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలోని అనురాధపురంలో రాసిన విశుద్ధిమార్గంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. ఐదుకు తగ్గకుండా, పది దాటకుండా లెక్కపెట్టాలి. ఐదుకు తక్కువైతే ఇరుకు దొడ్డిలో కట్టేసిన పశువుల్లా మనసు తన్నులాడుతుంది, పది దాటితే ఊపిరిని వదిలేసి అంకెను పట్టుకుంటుంది. మొదట్లో ధాన్యం కొలిచేవాడిలా నెమ్మదిగా లెక్కించమంటాడాయన. మన కళ్లాల్లో కుంచంతో కొలిచేటప్పుడు ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టేవారు, ఆ తర్వాత రెండు, మూడు. నేను కూడా ఊపిరిని అలాగే లెక్కపెడుతున్నాను.

ఈ విద్య మనకు పరాయిది కాదు. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ఒక విహారం ఉండేదని అక్కడి 3వ శతాబ్దపు శాసనం చెబుతుంది. విశాఖపట్నం దగ్గర తొట్లకొండ మీద భిక్షువులు ఉన్న చిన్న చిన్న గదుల పునాదులు సముద్రానికి ఎదురుగా ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత ఇక్కడ ఆ వరస తెగింది. బర్మాలో నిలిచింది. అక్కడ అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఊ బా ఖిన్ ఉద్యోగం చేస్తూనే 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం పెట్టారు. భరించలేని తలనొప్పితో 1955లో ఆయన దగ్గరికి వెళ్లిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా 1969లో ఆ సాధనను భారతదేశానికి తెచ్చారు. హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర కూడా ఆ పరంపర కేంద్రం ఉంది. వేరే దారిలో, సుభాష్ పత్రీజీ పిరమిడ్ ధ్యాన ప్రచారంతో ‘శ్వాస మీద ధ్యాస’ అనే మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది. అంత పొందికైన మాట ఈ విషయానికి దొరకడం మన అదృష్టం.

మనసుకూ ఊపిరికీ ఉన్న చుట్టరికం మన భాషకు ఎప్పుడో తెలుసు. పని ఎక్కువైతే ఊపిరి సలపడం లేదంటాం. భయపడితే ఊపిరి బిగబడతాం, గండం గడిస్తే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాం. ఆశ పోతే ఉసూరుమంటాం. వైద్యులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. ఇందులో వేగస్ నాడికి ముఖ్యమైన పాత్ర ఉంది. గుండె కొట్టుకోవడం మన చేతిలో లేదు. ఊపిరి మాత్రం నిద్రలో తనంత తాను నడుస్తుంది, మెలకువలో మన మాటా వింటుంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ దీర్ఘకాలపు నొప్పితో బాధపడే రోగులకు ఈ ఎరుకనే నేర్పడం మొదలుపెట్టాక ఆసుపత్రులు దీని వైపు చూశాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది మందులకు బదులు కాదు. తీవ్రమైన మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్నవాళ్లు, పెద్ద దుఃఖపు దెబ్బ తిని ఇంకా తేరుకోనివాళ్లు వైద్యుడిని అడగకుండా పది రోజుల శిబిరానికి వెళ్లకండి. కళ్లు మూసుకుంటే గుండె దడ పెరిగేవాళ్లు కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనించి, రెండు నిమిషాలతో మొదలుపెట్టవచ్చు.

మిగతావాళ్లకు పది రోజుల సెలవు దొరికేదాకా ఆగే పని లేదు. రేపు ఉదయం ఫోను చేతిలోకి తీసుకోకముందే మంచం అంచున పది నిమిషాలు కూర్చోండి. వీపు నిటారుగా ఉంటే చాలు, పద్మాసనం అక్కర్లేదు. వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది, పాలవాడు గంట కొడతాడు, వేయనీయండి, కొట్టనీయండి. గాలి ఎక్కడ తగులుతోందో చూడండి. లాభం, రెండు, మూడు. లెక్క తప్పితే మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టండి.